డిసెంబరు ఉత్తరంలో రెండో పేజీ

ఏటా డిసెంబరు మూడో వారంలో మా జిల్లా శాసనసభ్యురాలి నుంచి ఒక ఉత్తరం వస్తుంది. వచ్చేది ఈమెయిల్‌లోనే అయినా నేను దాన్ని అచ్చు తీసుకుంటాను. రెండు పేజీలు. మొదటి పేజీ నిండా రంగుల ఫోటోలు. పార్కులో చెట్లకు దీపాలు వెలిగించిన సాయంత్రం, దీపావళి సభలో పట్టుచీరల మధ్య నిలబడి ఆవిడ, యూదుల పండుగ హనుక్కా కొవ్వొత్తుల పక్కన ఆవిడ, ఆహార బ్యాంకులో డబ్బాలు సర్దుతూ ఆవిడ. కింద పండుగ శుభాకాంక్షలు. రెండో పేజీలో ఫోటోలు ఉండవు. చిన్న అక్షరాల్లో బిల్లుల నంబర్లు, తేదీలు, ఏ పథకానికి ఎవరు దరఖాస్తు పెట్టుకోవచ్చు, జనవరిలో ఏయే అంశాలు చర్చకు రానున్నాయి అన్న వివరాలు ఉంటాయి. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించేది ఆ రెండో పేజీనే.

మేముండేది అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలో. సియాటెల్ నగరానికి తూర్పున, లేక్ వాషింగ్టన్ అనే పెద్ద సరస్సుకు అవతలి ఒడ్డున. ఈ ఒడ్డున వారాంతంలో ఏ కూరగాయల దుకాణానికి వెళ్ళినా తెలుగు వినబడుతుంది. ఉగాదికి, బతుకమ్మకు, దీపావళికి బడుల హాళ్ళు నిండిపోతాయి. ఆ సభలకు స్థానిక నాయకులను పిలుస్తాం, శాలువా కప్పుతాం, ఫోటో దిగుతాం. ఆ ఫోటో డిసెంబరు ఉత్తరంలో వస్తే ఫోన్లలో ఒకరికొకరు పంపుకుంటాం. అక్కడితో ఆ ఉత్తరంతో మన పని అయిపోతుంది. పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాను, మొదట్లో నేనూ అంతే చేశాను. మొదటి పేజీకి మురిసిపోయి రెండో పేజీని వదిలేసే ఈ అలవాటు వల్ల మనకు జరుగుతున్న నష్టం చిన్నది కాదని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

ముందు ఇక్కడి ఏర్పాటు కొంచెం చెప్పాలి. ఈ రాష్ట్రంలో 49 శాసన జిల్లాలున్నాయి. ఒక్కో జిల్లా నుంచి ఒక సెనేటరు, ఇద్దరు ప్రతినిధులు రాజధాని ఒలింపియాకు వెళతారు. జనవరి రెండో సోమవారం సమావేశాలు మొదలవుతాయి. బేసి సంవత్సరాల్లో 105 రోజులు, సరి సంవత్సరాల్లో 60 రోజులు. రెండేళ్ళకు సరిపడా బడ్జెట్ బేసి సంవత్సరంలో చేస్తారు, మరుసటి ఏడాది దాన్ని సవరిస్తారు. బిల్లులను డిసెంబరులోనే ముందుగా దాఖలు చేసుకునే వీలుంది. అంటే ఇంటింటా దీపాలు కట్టుకుంటూ సెలవుల హడావిడిలో ఉన్న రోజుల్లోనే వచ్చే ఏడాది మన బడులు, రోడ్లు, అద్దెలు, పన్నుల సంగతి కాగితం మీదకు ఎక్కుతుంది. పండుగ ఉత్తరం ఆ సమయంలో రావడం యాదృచ్ఛికం కాదు. తలుపు తెరవబోతున్నామని చెప్పే కబురు అది.

అమెరికాలో ఉన్న తెలుగువాడిని దేశాధ్యక్షుడి గురించి అడగండి, గంటసేపు మాట్లాడతాడు. ఆంధ్ర, తెలంగాణ రాజకీయాల గురించి అడగండి, తెల్లవార్లూ మాట్లాడతాడు. మీ రాష్ట్ర ప్రతినిధి ఎవరని అడిగితే మాత్రం మౌనం. నిజానికి అద్దె ఏడాదికి ఎంత పెంచవచ్చో నిర్ణయించేది రాష్ట్రం. పిల్లల బడికి వచ్చే డబ్బులో పెద్ద భాగం రాష్ట్రానిది. ప్రసవానికి, ఇంట్లో పెద్దల జబ్బుకు జీతంతో సెలవు దొరికేది రాష్ట్ర చట్టం వల్ల. ఐ-405 రహదారి ఎక్స్‌ప్రెస్ లేన్లలో రద్దీ వేళ 15 డాలర్ల దాకా వసూలు చేయడానికి మూలం కూడా ఒలింపియాలో చేసిన చట్టమే. మనల్ని రోజూ తాకే ప్రభుత్వం ఇదే, మనం పేరు కూడా తెలుసుకోని ప్రభుత్వమూ ఇదే.

2024 నవంబరు 19 రాత్రి ఇక్కడ పెద్ద గాలివాన వచ్చింది. సరస్సుకు ఈ ఒడ్డున చెట్లు ఎత్తయినవి, నేల మెత్తనిది. కరెంటు తీగల మీద, ఇళ్ళ మీద, కార్ల మీద అవి కూలిపోయాయి. లక్షల ఇళ్ళు చీకట్లో మునిగాయి. మా వీధిలో నాలుగు రోజులు కరెంటు లేదు. గ్యాస్ పొయ్యి ఉన్న ఇల్లు వీధి మొత్తానికి మాది ఒక్కటే కావడంతో ఆ నాలుగు రోజులూ మా వంటింట్లో అన్నం ఉడుకుతూనే ఉంది. కోట్లు తొడుక్కుని, కొవ్వొత్తుల వెలుగులో, ఎన్నడూ మాట్లాడుకోని వాళ్ళం పక్కపక్కన కూర్చుని పప్పన్నం తిన్నాం. అలా మా ఇంటికి మొదటిసారి వచ్చిన వాళ్ళలో వీధి చివర ఇంట్లో ఉండే ఒక తల్లి, ఆమె తొమ్మిదేళ్ళ కొడుకు ఉన్నారు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ప్రకాశం జిల్లా అమ్మాయి. కొడుకు ఆటిజంతో పుట్టాడు. కొవ్వొత్తి వెలుగు గోడ మీద కదులుతుంటే ఆ నీడను వేలితో అనుసరిస్తూ వాడు రెండు గంటలు కూర్చున్నాడు. అప్పటికి ఆరేళ్ళుగా ఒకే వీధిలో ఉన్నాం, వాడు ఉన్నాడని నాకు తెలియదు. పండుగ సభలకు తీసుకురారు. పెద్ద శబ్దాలు వాడికి పడవు, ఆమెకు జనం చూపులు పడవు. మన సభల్లో అలాంటి పిల్లలు ఎంత తక్కువగా కనబడతారో, ఎందుకు కనబడరో, ఆ రాత్రి తర్వాతే నేను ఆలోచించడం మొదలుపెట్టాను.

ఆ డిసెంబరులో వచ్చిన ఉత్తరంలో మొదటి పేజీ గాలివానకు సంబంధించినదే. ఎక్కడ వెచ్చగా తలదాచుకోవచ్చు, 211 నంబరుకు ఫోన్ చేస్తే ఏ సాయం అందుతుంది, పాడైపోయిన వాటి వివరాలు ఎక్కడ నమోదు చేయించాలి. రెండో పేజీలో రెండు విషయాలున్నాయి. ఒకటి, రాష్ట్రం పెద్ద లోటులో పడబోతోంది, నాలుగేళ్ళలో వెయ్యి కోట్ల డాలర్లకు పైగా తగ్గేలా ఉంది, ఆదాయం కోసం కొత్త దారులు చూడవలసి రావచ్చు. రెండు, ప్రత్యేక విద్య (వైకల్యాలున్న పిల్లలకు బడిలో ఇచ్చే అదనపు సాయం) నిధుల మీద ఉన్న పరిమితిని ఎత్తివేసే బిల్లు జనవరిలో రానుంది. చివర, శనివారం ఉదయం గ్రంథాలయంలో అందుబాటులో ఉంటాను, వచ్చి మాట్లాడండి అన్న ఆహ్వానం.

ఆ పరిమితి సంగతి ఇది. ఒక విద్యా జిల్లాలో (బడుల నిర్వహణకు వేరుగా ఉండే ప్రాంతం) ప్రత్యేక విద్య అవసరమైన పిల్లలు ఎంతమంది ఉన్నా, మొత్తం విద్యార్థుల్లో ఒక శాతం వరకే రాష్ట్రం వారికి అదనపు నిధులిచ్చేది. ఆ గీత కొన్నేళ్ళు 13.5 శాతం దగ్గర ఉండి, 2023లో 15కు, తర్వాత 16కు చేరింది. గీతకు అవతల మిగిలిన పిల్లలకు చదువు చెప్పవలసిన బాధ్యత మాత్రం బడికి తప్పదు. అందుకు స్థానిక పన్నులు సర్దాలి, లేదా మరో చోట కోత పెట్టాలి. ఈ రాష్ట్ర రాజ్యాంగం పిల్లల చదువును ప్రభుత్వపు అన్నింటికంటే ముఖ్యమైన విధి అంటుంది. ఆ విధిని నెరవేర్చడం లేదని 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా కదలిక చాలకపోవడంతో 2015 ఆగస్టు నుంచి రోజుకు లక్ష డాలర్ల జరిమానా కూడా వేసింది. మెక్‌క్లియరీ కేసు అంటారు దాన్ని. ఇంత జరిగిన రాష్ట్రంలో ఆ గీత మాత్రం అప్పటికింకా మిగిలి ఉంది.

నేను ఆ కాగితం పట్టుకుని వీధి చివర ఇంటికి వెళ్ళాను. ఆమె రెండో పేజీ నిలబడే చదివింది. రెండోసారి కూర్చుని చదివింది. "అక్కా, మనకు ఓటు లేదు కదా, మన మాట ఎవరు వింటారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. శనివారం నాడు ఇద్దరం గ్రంథాలయానికి వెళ్ళాం.

గదిలో పదిహేను మందికి మించి లేరు. ఫ్లాస్కులో కాఫీ, ఒక పళ్ళెంలో బిస్కట్లు. శాసనసభ్యురాలు, ఆమె సహాయకుడైన ఒక యువకుడు, అంతే. ఆవిడ స్వెటరు చేతులు పైకి మడిచి అందరి దగ్గరా కుర్చీ లాక్కుని కూర్చుంటోంది. నా వెంట వచ్చిన మా అమ్మ (తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చింది) నా చెవి దగ్గరకు వంగి, "ఈవిడేనా మీ ఎమ్మెల్యే? ఒక్కతే వచ్చిందేమిటమ్మా!" అంది. మా వంతు వచ్చింది. ఆ తల్లి మొదట్లో మాట రాక చేతిలోని కాగితాన్ని చూపించింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. బడిలో కొడుకు పక్కన ఉండే సహాయకురాలి పని గంటలు తగ్గించారని, అప్పటి నుంచి వాడు మధ్యాహ్నాలు బల్ల కింద కూర్చుంటున్నాడని. ఆవిడ రాసుకుంది. ఆ యువకుడు తన కంప్యూటర్ తెరిచి, బిల్లు మీద కమిటీ విచారణ (జనం అభిప్రాయాలు వినే సమావేశం) జరిగినప్పుడు ఇంటి నుంచే ఎలా మాట్లాడవచ్చో, విచారణకు గంట ముందు వరకూ పేరు ఎలా నమోదు చేసుకోవచ్చో చూపించాడు. ఆమె అడగవలసిన ప్రశ్న అడిగింది. నేను ఈ దేశ పౌరురాలిని కాను, ఫరవాలేదా? "మీరు ఈ జిల్లాలో ఉంటున్నారు కదా," అన్నాడు అతను.

ఆ సమాధానాన్ని నేను చాలాసార్లు తలచుకున్నాను, ఎందుకంటే అది మర్యాద కోసం అన్న మాట కాదు, లెక్క ప్రకారం నిజం. ఈ 49 జిల్లాల గీతలు గీసింది 2020 జనాభా లెక్కల ఆధారంగా. రాష్ట్ర జనాభా 77 లక్షలు, జిల్లాకు ఒక లక్షా 57 వేల మంది. అందులో ఓటర్లను వేరు చేసి లెక్కపెట్టరు. హెచ్-1బి వీసా మీద ఉన్న ఇంజినీరు, అతని భార్య, పసిబిడ్డ అందరూ ఆ సంఖ్యలో ఉన్నారు. మనం ఇక్కడ ఉండబట్టే ఈ ఒడ్డున జిల్లాల విస్తీర్ణం ఇంత చిన్నదైంది. ఆ ప్రతినిధి కుర్చీ ఏర్పడిందే మనల్ని కూడా కలుపుకుని. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల మనవాళ్ళు పదేళ్ళు, పదిహేనేళ్ళు వరుసలో నిలబడి ఉన్నారు. అంతకాలం ఓటు లేదు, నిజమే. ఓటు లేదు గనుక మాటా లేదని మనకు మనమే తీర్మానించుకున్నాం. ఆ రెండో మాట ఎవరూ మనకు చెప్పలేదు. కమిటీ ముందు పేరు నమోదు చేసుకునే పత్రం బిల్లుకు అనుకూలమా, వ్యతిరేకమా అని అడుగుతుంది. పౌరసత్వం అడగదు.

జనవరిలో ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుని మాట్లాడింది. చెప్పదలచుకున్నది ముందు తెలుగులో రాసుకుంది, తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకుంది, పొయ్యి మీది గడియారం పెట్టుకుని పదిసార్లు చదువుకుంది. ఒకటిన్నర నిమిషం ఇస్తారు. పక్క గదిలో కొడుకు కుక్కరు మూతతో చప్పుడు చేస్తుంటే వాణ్ని పట్టుకోవడం నా పని. తలుపు సందులోంచి ఆమె గొంతు వినబడింది. మొదటి వాక్యంలో వణికింది, బల్ల కింద కూర్చునే మధ్యాహ్నాల దగ్గరకు వచ్చేసరికి నిలకడగా ఉంది. ఆ రోజు మాట్లాడిన వాళ్ళలో బడుల అధికారులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఆమె ఒక్కతే చట్టం మార్చిందని నేను చెప్పను. అలా చెప్పడం ఏళ్ళ తరబడి పోరాడిన మిగతా తల్లులకు అన్యాయం. కానీ ఆ తల్లుల వరుసలో ఈసారి మన తల్లి ఒకరు ఉన్నారు. 2025 మేలో గవర్నరు బాబ్ ఫెర్గూసన్ సంతకంతో ఆ పరిమితి తొలగిపోయింది.

ఈ కథ ఇక్కడ ముగిస్తే బాగుంటుంది. కానీ రెండో పేజీలో రెండు విషయాలున్నాయని చెప్పాను కదా. లోటు గురించిన ఆ మొదటి వాక్యాన్ని మాలో ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. 2025 సమావేశాల్లో సుమారు 7,800 కోట్ల డాలర్ల రెండేళ్ళ బడ్జెట్‌తో పాటు కొత్త పన్నులు వచ్చాయి. పెట్రోలు మీద గ్యాలనుకు ఆరు సెంట్లు పెరిగింది. అంతకంటే మనకు దగ్గరి సంగతి, అక్టోబరు 1 నుంచి ఐటీ సేవలకు, ప్రత్యేకంగా రాయించుకునే సాఫ్ట్‌వేర్‌కు, వెబ్‌సైట్ల తయారీకి అమ్మకం పన్ను వర్తింపజేశారు. ఈ ఒడ్డున ఆ పన్ను పది శాతం పైచిలుకు. ఐటీ మీద బతికే సమాజం మనది. ఆ బిల్లు మీద విచారణలు జరిగినప్పుడు మనలో ఎంతమంది పేర్లు నమోదు చేసుకున్నారు? నాకు తెలిసిన వాళ్ళలో ఒక్కరూ లేరు. చిన్న వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే మా స్నేహితుడొకరు సెప్టెంబరు చివరి వారంలో, ఖాతాదారులకు పంపే బిల్లుల పద్ధతి మార్చవలసి వచ్చినప్పుడు, ఆవేశంగా ఫోన్ చేశాడు. "ఇది ఎప్పుడు చేశారు? ఎవరికి చెప్పి చేశారు?" అని. నేను ఫ్రిజ్ మీది కాగితం దగ్గరకు వెళ్ళి చూశాను. తొమ్మిది నెలలుగా అక్కడే ఉంది.

ఆ పన్ను తప్పని నేను అనడం లేదు. ఈ రాష్ట్రంలో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. పరిమితి ఎత్తివేసిన ప్రత్యేక విద్యకు డబ్బు ఎక్కడి నుంచో రావాలి. వీధి చివరి పిల్లవాడి పక్కన సహాయకురాలు తిరిగి వచ్చి కూర్చోవడం, మా స్నేహితుడి ఖాతాదారులు అదనంగా కట్టడం ఒకే సమావేశాల్లో, ఒకే లెక్కలోంచి వచ్చాయి. ఒకదానికి చప్పట్లు కొట్టి మరోదానికి శాపాలు పెట్టడం సులభం. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఇంత పన్ను ఉండాలా, ఇంత చిన్న సంస్థల మీద ఉండాలా, దానికి బదులు మరో దారి ఉందా అని అడగడం కష్టం. ఆ కష్టమైన ప్రశ్న వేయడానికి మా స్నేహితుడికి అర్హత ఉంది, అనుభవం ఉంది. ఆ సమావేశాల్లో అవకాశమూ ఉంది. అతను మాట్లాడి ఉంటే ఓడిపోయేవాడేమో. కానీ చిన్న సంస్థ నడిపేవాడి ఇబ్బంది ఆ కమిటీ రికార్డుల్లో అతని గొంతుతో నమోదయ్యేది.

ఇంకొక ఉదాహరణ చెప్పి తీరాలి, ఎందుకంటే ఇందులో పోయింది నేరుగా జేబులోని డబ్బు. 2023 జూలై నుంచి ఈ రాష్ట్రంలో దీర్ఘకాలిక సంరక్షణ బీమా కింద జీతంలో 0.58 శాతం కోస్తున్నారు. ముసలితనంలో, జబ్బులో, ఇంట్లో ఒకరి సాయం కావలసినప్పుడు 36,500 డాలర్ల వరకు ఇచ్చే పథకం అది. చెల్లింపులకు మొదలు 2026 జూలై. మంచి ఆలోచనే. అయితే తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు రేపు ఎక్కడ ఉంటారో తెలియదు గనుక, కోరుకుంటే వారు మినహాయింపు పొందవచ్చని 2022లో చట్టాన్ని సవరించారు. 2025 చివరి దాకా కోరుకోవలసి వచ్చేది, అదే మెలిక. దరఖాస్తు పెట్టి, వచ్చిన పత్రాన్ని పనిచేసే సంస్థకు ఇవ్వవలసి వచ్చేది. అంతవరకు కోసిన డబ్బు తిరిగి వచ్చేది కాదు. లక్ష డాలర్ల జీతం మీద అది ఏడాదికి 580 డాలర్లు. రెండో పేజీలో ఈ సంగతి స్పష్టంగా రాశారు. మా పక్కింటి కుర్రవాడు రెండేళ్ళు కట్టిన తర్వాత, మా ఇంట్లో నీళ్ళు తాగడానికి ఫ్రిజ్ దగ్గరకు వెళ్ళి, ఆ కాగితం చూసి, ఆగిపోయాడు. పథకంలో ఉండాలా వద్దా అన్నది ఎవరి నిర్ణయం వారిది. నిర్ణయించుకునే వీలుందని కూడా తెలియకపోవడమే బాధ.

ఇన్ని చెప్పాక ఈ ఉత్తరాలను నెత్తిన పెట్టుకోమంటున్నానని అనుకోకండి. ఇవి ప్రజల డబ్బుతో నడిచే కార్యాలయం నుంచి వస్తాయి, రాసేవారు మళ్ళీ ఓట్లు అడగవలసినవారు. అందుకే ఎన్నికల కాలంలో వీటి మీద ఆంక్షలు కూడా ఉంటాయి. ప్రతి ఉత్తరంలోనూ నెగ్గిన బిల్లుల జాబితా ఉంటుంది. ఓడిన బిల్లులు ఉండవు. ఏ బిల్లు కమిటీ గడువు దాటలేక ఆగిపోయింది, ఎవరు అడ్డుపడ్డారు, తాను ఎక్కడ మనసు మార్చుకుంది, ఏ ఓటు గురించి ఇప్పటికీ సందేహపడుతోంది అన్నవి ఒక్క ఉత్తరంలోనూ చదవలేదు. ఈ రాష్ట్రంలో బేసి సంవత్సరంలో ఆగిన బిల్లు మరుసటి సరి సంవత్సరానికి బతికే ఉంటుంది, మళ్ళీ కదలవచ్చు. కాబట్టి ఆగిపోయినవాటి జాబితా నెగ్గినవాటి జాబితా కంటే మనకు ఎక్కువ ఉపయోగం. నెగ్గినదాని మీద మనం చేయగలిగేది తక్కువ. నేను ఈ మాట ఆ కార్యాలయానికి రాశాను. మూడో పేజీ కావాలని అడిగాను.

మన సంఘాలకూ ఒక మాట. పండుగకు పిలిచి శాలువా కప్పడం మన సంస్కారం, అది మానేయమని అనను. దీపావళిని గుర్తిస్తూ ఒక ప్రకటన పత్రం ఇస్తే సంతోషించడంలోనూ తప్పు లేదు. 2024లో పెన్సిల్వేనియా రాష్ట్రం దీపావళిని అధికారిక పండుగగా గుర్తించే చట్టం చేసినప్పుడు నాకూ కళ్ళు చెమర్చాయి. కానీ ఆ సంతోషంతో కడుపు నిండిపోకూడదు. ఏడాదికి ఒక్కసారి మన వేదిక మీదకు వచ్చిన ప్రజాప్రతినిధికి మైకు ఇచ్చి శుభాకాంక్షలు చెప్పించుకుని పంపేస్తున్నాం. ఒక్క ప్రశ్న అడగడం లేదు. ఐదు నిమిషాల ప్రసంగం తర్వాత పది నిమిషాలు ప్రశ్నలకు ఇవ్వండి. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులు నడిచే దారిలో కాలిబాట ఎందుకు లేదు, ఇల్లు దొరకని పడుచు జంటలకు ఏం చేస్తున్నారు, బడిలో ప్రత్యేక విద్య ఎలా ఉంది అని అడగండి. ఒకే ఇంటి స్థలంలో రెండు, నాలుగు, కొన్ని చోట్ల ఆరు వాటాలు కట్టుకోనివ్వాలని నగరాలను ఆదేశిస్తూ 2023లో చట్టం వచ్చింది. అమ్మానాన్నలను దగ్గర పెట్టుకోవాలనుకునే మనవాళ్ళకు అంతకంటే పనికివచ్చే చట్టం లేదు. అది వచ్చిందని ఏ పండుగ సభలోనూ ఎవరూ చెప్పగా వినలేదు.

గ్రంథాలయంలో అమ్మ అన్న మాట ఇంటికి వచ్చాక కూడా ఆమెను వదలలేదు. రాత్రి భోజనాల దగ్గర, "మనకూ ఇలా రాసి పంపితే ఎంత బాగుండును" అంది. నేను ఆలోచించాను. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది ఎమ్మెల్యేలు, తెలంగాణలో 119 మంది. 2011 జనాభా లెక్కన చూసినా ఒక్కొక్కరు మూడు లక్షల మందికి కొంచెం తక్కువగా ప్రాతినిధ్యం వహిస్తున్నారు, మా జిల్లాకు దాదాపు రెట్టింపు. మన ఎమ్మెల్యేల దగ్గరకు తెల్లవారకముందే జనం వస్తారు. ఆసుపత్రి బిల్లు, పింఛను, పోలీసు స్టేషను గొడవ, బడిలో సీటు. ఇక్కడి ప్రతినిధి ఏడాదిలో చూడనంత మందిని వాళ్ళు ఒక్క నెలలో ఎదురుగా చూస్తారు. ఆ దగ్గరితనం చిన్న విషయం కాదు, ఇక్కడ అది లేదు. కానీ మూడు లక్షల మందిలో గుమ్మం దాకా వచ్చేవాళ్ళు ఎందరు? రానివాళ్ళకు ఆయన శాసనసభలో ఏం మాట్లాడాడో, ఏ బిల్లుకు చేయెత్తాడో, నియోజకవర్గానికి వచ్చిన నిధులు ఏ ఊళ్ళో ఏ పనికి ఖర్చయ్యాయో ఎలా తెలుస్తుంది? సంక్రాంతికి కూడలిలో వెలిసే ఫ్లెక్సీ మీద ముఖాలుంటాయి, పేర్లుంటాయి, శుభాకాంక్షలుంటాయి. అంటే మొదటి పేజీ మనకూ ఉంది, నిలువెత్తున ఉంది. రెండో పేజీ లేదు.

అది కష్టమైన పని కాదు. రెండు వైపులా అచ్చేసిన ఒక కాగితం, సంక్రాంతికి ఒకసారి, దసరాకు ఒకసారి. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఊరి పేర్లతో. ఇన్ని రోజులు సభ జరిగింది, ఇన్ని రోజులు వెళ్ళాను, ఈ ప్రశ్న అడిగాను, ఈ జవాబు వచ్చింది, ఈ చెరువు కట్టకు డబ్బు మంజూరైంది, ఈ వంతెనకు కాలేదు. ఫ్లెక్సీకి పెట్టే ఖర్చులో సగం చాలదా? కొందరు ఎమ్మెల్యేలు ఫోన్లలో వీడియోలు పెడుతున్నారు, తెలుసు. వీడియో గడిచిపోతుంది. కాగితం గోడ మీద ఉండి ఏడాది తర్వాత నిలదీస్తుంది. మా అమ్మలాంటివాళ్ళు దాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని చదువుతారు, దాచిపెడతారు, మరుసటి ఏడాది కాగితంతో పోల్చి చూస్తారు.

2025 డిసెంబరు ఉత్తరం కూడా వచ్చింది. ఆ నెల రెండో వారంలో ఈ రాష్ట్రపు స్కాజిట్ నది కనీవినీ ఎరుగనంతగా పొంగి వేలమందిని ఇళ్ళు ఖాళీ చేయించింది. మొదటి పేజీ సగం ఆ వరద బాధితులకు సాయం గురించే. రెండో పేజీలో ఏడో వరుసలో ఒకే ఒక వాక్యం ఉంది, ప్రత్యేక విద్య నిధుల మీద పరిమితి ఈ ఏడాది తొలగిపోయిందని. వీధి చివరి తల్లి ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసింది. కొడుకు ఆ పెన్సిలు లాక్కుని ఆ గీతను పేజీ అంచు దాకా, అక్కడి నుంచి బల్ల మీదకు పొడిగించాడు. ఆమె వాణ్ని ఆపలేదు. మూడో పేజీ రాలేదు గానీ, అడిగినందుకు కార్యాలయం నుంచి జవాబు వచ్చింది, ఆలోచిస్తామని.

తర్వాతి సమావేశాలు 2026 జనవరి 12న మొదలు, 60 రోజులే. గ్రంథాలయంలో కలుసుకునేది జనవరి మొదటి శనివారం. మా స్నేహితుడు తన చిన్న సంస్థ లెక్కలు రెండు కాగితాల మీద రాసుకున్నాడు. పక్కింటి కుర్రవాడు కారు నడుపుతానన్నాడు. పిల్లవాడిని తీసుకువస్తానని వీధి చివరి తల్లి ఫోన్ చేసి చెప్పింది, గదిలో బల్లలు ఎంత ఎత్తున ఉంటాయని అడిగింది.